నేలలో దొరికిన నగ – చరిత్రకు ఆధారమయ్యే తీరు: ఇంగ్లండు లోహశోధన అనుభవం

వ్యాససంగ్రహం: అభిరుచిగా లోహశోధన చేసేవారికి దొరికిన పాత నగలు ఇంగ్లండు మధ్యయుగ చరిత్రరచనను గణనీయంగా ప్రభావితం చేశాయి. నగ విలువ లోహంలో ఉంటుంది, చారిత్రక విలువ మాత్రం అది దొరికిన చోటులో, తోడుగా దొరికిన వస్తువులలో, ఆ సంగతిని నమోదు చేయడంలో ఉంటుంది. ఈ భేదాన్ని చట్టం ఎలా గుర్తించిందో, గుర్తించనిచోట ఏం నష్టపోయామో పరిశీలించి, 1878 నాటి భారతీయ నిక్షేపచట్టంతో పోల్చి చూడడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నిధి, నిక్షేపం, లోహశోధిని, నగలు, ఇంగ్లండు, అష్టభోగాలు, గార్నెట్, గరీబ్‌పేట.

1. ఉపోద్ఘాతం

దానశాసనాలు చదివినవారికి అష్టభోగాల పట్టిక సుపరిచితం. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిదింటినీ దాత భూమితోపాటు ప్రతిగ్రహీతకు ధారపోస్తాడు. ఈ వరుసలో నిధినిక్షేపాలు మొదట నిలవడం గమనించదగినది. భూమిపై హక్కు పైరుకూ నీటికీ పరిమితం కాదని, నేలలో దాగిన సొత్తుకు కూడా వర్తిస్తుందని ఆ మాటలు చెబుతున్నాయి. జనవ్యవహారంలోని ‘లంకెబిందెలు’ అనే మాట వెనుక ఉన్నది కూడా ఇటువంటి సొత్తును గురించిన ఊహే.

దొరికిన సొత్తు ఎవరిది అనేది అన్ని దేశాల న్యాయశాస్త్రమూ వేసుకున్న పాత ప్రశ్న. అది ఏం చెబుతుంది అనేది చరిత్రకారుని ప్రశ్న. మొదటి ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబును బట్టే రెండవ ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఉంటుంది. ఈ సంబంధం స్పష్టంగా కనిపించే దేశం ఇంగ్లండు.

2. యుద్ధసాధనం నుండి అభిరుచికి

మెటల్ డిటెక్టర్ అని వ్యవహరించే లోహశోధిని పనితీరు సులభమైనదే. తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు చుట్టూ అయస్కాంతక్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే అందులో చిన్న విద్యుత్ప్రవాహాలు పుడతాయి. వాటిని యంత్రం పసిగట్టి ధ్వనిగా వినిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్‌స్కి రూపొందించిన మందుపాతర శోధినిని 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో వినియోగించారు. తరువాతి దశాబ్దాలలో ట్రాన్సిస్టర్ల రాకతో యంత్రం తేలికై, చవకై, 1970ల నాటికి సెలవురోజు కాలక్షేపమైంది.

ఉంగరం వంటి చిన్న వస్తువును ఈ యంత్రం సాధారణంగా జానెడు లోతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే గుర్తిస్తుంది. అంటే దొరికేవాటిలో ఎక్కువ భాగం నాగలి కదిలించిన పైమట్టిలోనివి. అక్కడ పురావస్తుశాస్త్రం ఆశించే పొరల క్రమం చాలావరకు చెదిరిపోయి ఉంటుంది. అయినా ఏ పొలంలో, ఏ మూలన, వేటి పక్కన దొరికిందన్న సమాచారం మిగులుతుంది. దొరికినవారు చెప్పకపోతే ఆ సమాచారం కూడా మిగలదు.

ఈ భయంతోనే బ్రిటిష్ పురావస్తువేత్తలు లోహశోధనను మొదట వ్యతిరేకించారు. 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం రక్షితస్థలాలలో అనుమతి లేని శోధనను నిషేధించింది. 1980లో ‘స్టాప్’ పేరిట వ్యతిరేక ప్రచారోద్యమం మొదలైంది. శోధకులు తమ సంఘాలతో దానిని ఎదుర్కొన్నారు. రెండు పక్షాల మధ్య మాటలు లేని కాలమది.

3. ‘దాచినవాని ఉద్దేశం’ – పాత న్యాయసూత్రం

1996కు ముందు ఇంగ్లండులో నిక్షేపవిషయం సంప్రదాయన్యాయం మీద నడిచేది. వస్తువు బంగారందో వెండిదో కావాలి, తిరిగి తీసుకోవాలనే ఉద్దేశంతో ఎవరో దానిని దాచి ఉండాలి, యజమాని తెలియకూడదు. ఈ మూడూ కుదిరితేనే అది రాజ్యానికి చెందుతుంది. పోగొట్టుకున్న నగ, శవంతో పూడ్చిన నగ ఈ నిర్వచనంలోకి రావు.

1939లో సఫోక్‌లోని సటన్ హూ వద్ద తవ్వకంలో ఓడసమాధి బయటపడినప్పుడు ఈ సూత్రం విచిత్రఫలితాన్నిచ్చింది. సమాధిలో ఉంచిన సొత్తును తిరిగి తీసుకోవాలని ఎవరూ అనుకోరు కనుక అది నిక్షేపం కాదని విచారణలో తేల్చారు. బంగారు కొక్కీలు, గార్నెట్ పొదిగిన భుజభూషణాలు అన్నీ భూయజమాని ఎడిత్ ప్రెటీకి చెందాయి. ఆమె వాటిని బ్రిటిష్ మ్యూజియానికి దానమిచ్చింది. జాతికి దక్కడానికి ఆమె ఔదార్యం కారణం, చట్టం కాదు.

అటువంటి ఔదార్యం ప్రతిసారీ ఎదురుకాదు. 1985లో యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్ కోట సమీపాన లోహశోధకులకు 15వ శతాబ్దపు బంగారు పతకం దొరికింది. నీలమణి పొదిగిన ఆ పతకం ఒకవైపు క్రైస్తవ త్రిత్వం, మరోవైపు క్రీస్తు జననం చెక్కి ఉన్నాయి. అంచున లాటిన్ ప్రార్థనావాక్యంతోపాటు ‘అనానిజాప్త’ అనే మంత్రపదం ఉంది. మూర్ఛవ్యాధిని పోగొడుతుందని ఆనాటివారు నమ్మిన పదమది. నగ, ప్రార్థన, రక్షరేకు ఒకే వస్తువులో కలిసిన అపురూపసాక్ష్యం. పాత సూత్రం దానిని రాజ్యానికి దక్కించలేకపోయింది. 1986లో అది వేలంలో 13 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. తరువాత యార్క్‌షైర్ మ్యూజియం దానిని 25 లక్షల పౌండ్లకు కొనవలసి వచ్చింది.

అదే దశాబ్దంలో సర్రీలోని వాన్‌బరో వద్ద రోమన్-కెల్టిక్ ఆలయస్థలాన్ని దొంగశోధకులు కొల్లగొట్టారు. వేలాది నాణేలు నమోదు లేకుండా పోయాయి. దాచినవాని ఉద్దేశాన్ని నిరూపించవలసిన భారం వల్ల శిక్షలు నిలవడం కష్టమైంది. చట్టసంస్కరణ కోరుతూ సర్రీ పురావస్తుసంఘం ముందుకు రావడానికి ఇది కారణమైంది.

4. 1996 చట్టం – ఉద్దేశం నుండి వస్తువుకు

1996లో ఆమోదం పొంది 1997 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన నిక్షేపచట్టం ఉద్దేశపరీక్షను తొలగించింది. నాణెం కాని వస్తువు 300 ఏళ్లకు పైబడినదై, అందులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉంటే చాలు. అది పోగొట్టుకున్నదా, దాచినదా, సమాధిలోనిదా అన్న విచారణ అక్కరలేదు. దొరికినవారు 14 రోజులలోపు కరోనర్ అనే న్యాయాధికారికి తెలపాలి. మ్యూజియం తీసుకోదలిస్తే స్వతంత్రసంఘం మార్కెట్ విలువ కడుతుంది. ఆ మొత్తం సాధారణంగా దొరికినవారికీ భూయజమానికీ సమానంగా అందుతుంది. 200 ఏళ్లకు పైబడి అసాధారణ ప్రాముఖ్యం ఉన్న లోహవస్తువులకు కూడా 2023 సవరణ దీనిని విస్తరించింది.

చట్టంతోపాటు 1997లో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ మొదలైంది. నిక్షేప నిర్వచనంలోకి రాని కంచు పిన్ను, ఇత్తడి ఉంగరం వంటివాటిని స్వచ్ఛందంగా నమోదు చేయించుకునే పథకమిది. జిల్లాలలో నియమితులైన అధికారులు వస్తువును చూసి, దొరికిన చోటుతో సహా నమోదు చేసి, తిరిగి ఇచ్చేస్తారు. ఇప్పటికి ఆ పట్టికలో 10 లక్షలకు పైగా వస్తువులున్నాయి. రాజుల నగలకన్నా సామాన్యుల పిన్నులు, బొత్తాలు ఎక్కువగా ఉన్న ఈ పట్టిక సామాజిక చరిత్రకు కొత్త ఆధారమైంది.

5. 2015 – ఒకే కాలపు రెండు నిక్షేపాలు

నమోదు వల్ల కలిగే భేదాన్ని 2015 నాటి రెండు ఘటనలు చూపుతాయి. ఆ ఏడాది జూన్‌లో హెరెఫర్డ్‌షైర్‌లోని ఒక పొలంలో ఇద్దరు శోధకులకు 9వ శతాబ్దపు బంగారు ఉంగరం, జంతుముఖం గల కంకణం, అంతకన్నా పాతదైన స్ఫటికపతకం, వాటితోపాటు నాణేలు దొరికాయి. వారు ఎవరికీ తెలపకుండా అమ్మకానికి దిగారు. 2019లో వారికి జైలుశిక్ష పడింది. నగలు దొరికాయి. సుమారు 300 అని అంచనా వేసిన నాణేలలో 30కి కాస్త అటూ ఇటూగా మాత్రమే చేజిక్కాయి. తక్కినవాటి ఉనికికి, చెరిపేసిన ఛాయాచిత్రాలను ఫోనులో తిరిగి రాబట్టడం సాక్ష్యమైంది.

అదే ఏడాది అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్‌టన్ సమీపాన మరొక శోధకునికి అదే కాలపు నిక్షేపం ఎదురైంది. అతడు తవ్వడం ఆపి అధికారికి తెలిపాడు. నిక్షేపాన్ని మట్టిపెళ్లతో సహా ఎత్తి బ్రిటిష్ మ్యూజియంలో పొరపొరగా విడదీశారు. 186 నాణేలు, 7 ఆభరణాలు, 15 వెండికడ్డీలు లెక్కకు వచ్చాయి. 2017లో ఆష్మోలియన్ మ్యూజియం 13.5 లక్షల పౌండ్లకు దానిని పొందింది.

ఈ రెండింటి ప్రాముఖ్యం ఒక్కటే. వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు రెండవ కెయోల్‌వుల్ఫ్ ఒకే నమూనాతో ముద్రించిన నాణేలు రెండుచోట్లా ఉన్నాయి. వెసెక్స్ పక్షాన రచితమైన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ కెయోల్‌వుల్ఫ్‌ను వైకింగుల చేతి కీలుబొమ్మగా తక్కువచేసి చూపింది. నాణేలు మాత్రం ఇద్దరినీ సమాన మిత్రులుగా చూపుతున్నాయి. గెలిచినవారి గ్రంథాన్ని సరిదిద్దగల సాక్ష్యమిది. వాట్లింగ్‌టన్‌లో ఆ సాక్ష్యం పూర్తిగా నిలిచింది. హెరెఫర్డ్‌షైర్‌లో చాలావరకు చెదిరింది.

6. ఎర్రరాళ్ల దారి

నమోదైన నగ ఎంత దూరం నడిపించగలదో చెప్పడానికి 2009లో బయటపడిన స్టాఫర్డ్‌షైర్ నిక్షేపం నిదర్శనం. శోధకుడు తెలపడంతో పురావస్తువేత్తలు పొలాన్ని తవ్వారు. 7వ శతాబ్దానికి చెందిన సుమారు 4 కిలోల బంగారం, 70కి పైగా కత్తిపిడి శిఖలు లభించాయి. 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టారు. స్త్రీల ఆభరణాలు అందులో కనిపించకపోవడం వల్ల అది యుద్ధవీరుల సొత్తని పరిశోధకులు భావించారు.

వాటిలో పొదిగిన పలుచని ఎర్రరాళ్లు గార్నెట్లు. ఆనాటి ఐరోపా నగలలోని గార్నెట్లలో కొన్ని భారత ఉపఖండం నుండి, కొన్ని బొహీమియా నుండి చేరాయని రసాయనవిశ్లేషణలు సూచిస్తున్నాయి. ఈ సందర్భంలో తెలుగుప్రాంతం చర్చకు వస్తుంది. తెలంగాణలో కొత్తగూడెం సమీపంలోని గరీబ్‌పేట గార్నెట్లకు, అరికమేడులో లభించిన గార్నెట్ పూసలకు గల సంబంధాన్ని 2017లో వెలువడిన ఒక అధ్యయనం నిరూపించింది. ఈ నిరూపణ అరికమేడు పూసలకు సంబంధించినది, దానిని ఇంగ్లండు నగలకు అంటగట్టరాదు. అయితే రాయికీ గనికీ సంబంధం కలపడం సాధ్యమైనది ఆ పూసలు దొరికిన చోటు తెలిసినందువల్లనే. చోటు తెలియని పూస వట్టి అలంకారం.

7. భారతీయచట్టంతో పోలిక

1878 నాటి భారతీయ నిక్షేపచట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లకు ముందు దాచినదై, హక్కుదారులు లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడువంతులు, స్థలయజమానికి ఒకవంతు చెందుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే వస్తుద్రవ్యం విలువకు అందులో ఐదోవంతు కలిపి చెల్లించాలి.

ఇక్కడ కీలకం ‘వస్తుద్రవ్యం విలువ’ అనే భావన. మిడిల్‌హామ్ పతకం వంటి నగను ఈ లెక్కన తూచితే బంగారం బరువుకు, రాయి ధరకు మించి ఐదోవంతే అదనం. చెక్కడానికి, కాలానికి, చోటుకు విలువ లేదు. నగ కంసాలి మూసలోకి చేరితే వచ్చే సొమ్ముకూ, కలెక్టరు కార్యాలయానికి చేరితే వచ్చే సొమ్ముకూ పెద్ద తేడా లేనప్పుడు, ఆలస్యం లేని మూసనే మనిషి ఎంచుకునే ప్రమాదం ఉంది. అష్టభోగాల కాలం నుండి సాగివచ్చిన ‘ఎవరిది’ అన్న ప్రశ్నే ఈ చట్టంలోనూ ప్రధానం.

అలాగని ఇంగ్లండు పద్ధతి నిర్దోషం కాదు. బహుమతి ఆశ తొందరపాటు తవ్వకాలకు దారితీయవచ్చు. చిన్నవస్తువుల నమోదు ఇప్పటికీ స్వచ్ఛందమే. పొరుగున ఐర్లండు అనుమతి లేని పురావస్తు శోధనను 1987 చట్టంతో నిషేధించింది. స్కాట్లండులో దొరికిన పురావస్తువులన్నీ, లోహం ఏదైనా, రాజ్యానికే చెందుతాయి. ఈ మార్గాలు వేరైనా వాటి లక్ష్యం ఒక్కటే: వస్తువుతోపాటు సమాచారం కూడా దక్కాలి.

8. ముగింపు

సటన్ హూ నుండి వాట్లింగ్‌టన్ వరకు పరిశీలిస్తే, నగను కాపాడడం, నగ చెప్పే చరిత్రను కాపాడడం వేర్వేరు పనులని తేలుతుంది. హెరెఫర్డ్‌షైర్ ఉంగరం నేడు భద్రంగా ఉంది, దాని సాక్ష్యం మాత్రం సగమైంది. భారతదేశానికి ఈ అభిరుచిని తేవాలని ఈ పరిశీలన సూచించదు. ఇక్కడ నిక్షేపాలు ఎక్కువగా బయటపడేది నాగలికి, పునాది తవ్వకానికి, చెరువు పూడికతీతకు. నిజాయితీగా తెలిపిన రైతుకూ కూలీకీ, లోహం తూకానికి కాక చారిత్రక విలువకు తగిన ప్రతిఫలం దక్కేలా 1878 నాటి లెక్కను సవరించడం అవసరం. శాసనకర్తలు నిధినిక్షేపాలను భూమితో కలిపి లెక్కించారు. చరిత్రకారుడు కూడా వాటిని ఆ భూమి నుండి వేరుచేసి చదవలేడు.