సీడీ వేషం కట్టిన మోడెం

కంప్యూటరు పక్కనున్న యూఎస్‌బీ అరలో గుచ్చగానే మొబైలు టవరు నుంచి ఇంటర్నెట్టును అందించే బొటనవేలంత పరికరాన్ని తెలుగునాట ఎక్కువమంది డేటా కార్డు అనీ, కొందరు డాంగిల్ అనీ, ఐడియా వారి కార్డు కొన్నవారు నెట్‌సెట్టర్ అనీ పిలిచారు. టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండు సరిగా నడవదు కనుక, నేటి సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ వంటి పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలకు, ఒక దశలో, కంప్యూటరులో ఇంటర్నెట్టు చూడాలంటే అందుబాటులో ఉన్న మార్గం ఇదే. విండోస్ నడిచే కంప్యూటరులో ఇది తన సాఫ్ట్‌వేరును తానే ఎక్కించుకొని పని మొదలుపెట్టేది. లినక్స్ నడిచే కంప్యూటరులో మాత్రం నల్లటి టెర్మినల్ తెర తెరిచి, వరసగా కొన్ని ఆజ్ఞలు టైపు చేస్తే తప్ప కదిలేది కాదు. లినక్స్‌కు మొబైలు మోడెంతో మాట్లాడడం రాకపోవడమే ఈ ఇబ్బందికి కారణమని చాలామంది నమ్మారు గాని, ఆ పరికరం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే సంగతి దాదాపు తలకిందులుగా కనిపిస్తుంది.

కంప్యూటరులోని అంకెల సంకేతాలను తీగ మీద పోగల తరంగాలుగా మార్చి, అవతలి నుంచి వచ్చే తరంగాలను తిరిగి అంకెలుగా మార్చే పరికరం మోడెం. మొదట్లో నంబరు తిప్పడమూ లైను కలపడమూ మనిషి చేతి పనే కాగా, 1981లో అమెరికాలో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ కలిసి విడుదల చేసిన స్మార్ట్‌మోడెం ఆ పనిని కంప్యూటరుకు అప్పగించింది. కంప్యూటరుకూ మోడెంకూ నడుమ ఉన్నది ఒకటే తీగ. అందులో వస్తున్నది అవతలివారికి చేరవలసిన సమాచారమా, లేక మోడెంకే ఇచ్చిన ఆజ్ఞా అన్నది మోడెంకు తెలియాలి. ఈ చిక్కును వారు రెండు స్థితులు కల్పించి విప్పారు: ఆజ్ఞల స్థితిలో ప్రతి ఆజ్ఞా ఏ, టీ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది, లైను కలిశాక మోడెం సమాచార స్థితిలోకి వెళ్లి, వచ్చినదంతా అవతలికి పంపుతుంది, కొద్ది విరామమిచ్చి మూడు కూడిక గుర్తులు పంపితే మళ్లీ ఆజ్ఞల కోసం చెవి ఒగ్గుతుంది. ఏటీ తరువాత జెడ్ అంటే పాత అమరికలు చెరిపేసి మొదటికి రమ్మని, డీ అంటే నంబరు తిప్పమని. నలభై ఏళ్లు దాటినా ఈ రెండు ఆజ్ఞల అర్థం మారలేదు.

యూరప్‌లో జీఎస్ఎం మొబైలు ప్రమాణాలు రూపొందినప్పుడు, కంప్యూటరు చేత ఫోనును నడిపించడానికి కొత్త భాష కల్పించే బదులు, హేస్ ఆజ్ఞలనే పొడిగించారు. సిగ్నలు బలం అడగడానికి ఒకటి, ఏ సంస్థ నెట్‌వర్కులో చేరాలో చెప్పడానికి ఒకటి, డేటా సంధానం వివరాలు నమోదు చేయడానికి ఒకటి, ఇలా కొత్త ఆజ్ఞలన్నీ ఏటీ పక్కన కూడిక గుర్తు పెట్టుకొని వచ్చాయి. డేటాను పొట్లాలుగా కట్టి పంపే జీపీఆర్ఎస్ పద్ధతి వచ్చేసరికి, నిజానికి తిప్పవలసిన నంబరు గాని, కలపవలసిన లైను గాని లేకుండా పోయాయి. అయినా కంప్యూటర్లలోని డయలింగ్ సాఫ్ట్‌వేరు నంబరు లేనిదే కదలదు కనుక, దాని తృప్తి కోసం *99# అనే ఉత్తుత్తి నంబరును ప్రమాణంలో చేర్చారు. సీడీఎంఏ పద్ధతిలో నడిచిన రిలయన్స్, టాటా కార్డులకు ఆ స్థానంలో #777 ఉండేది.

నంబరు కలిసిందన్న భ్రమ కలిగాక ఇంటర్నెట్టు సంభాషణను నడిపేది పీపీపీ, అంటే రెండు కొసల నడుమ సాగే ఒక ఒడంబడిక. టెలిఫోను తీగ రోజుల కోసం తయారై 1994లో స్థిరమైన ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతిలో, వాడుకరి పేరూ సంకేతపదమూ అవతలి కొసన ఉన్న ఇంటర్నెట్టు సంస్థకు చేరేవి. మొబైలు మోడెం విషయంలో మాత్రం అవతలి కొస సాధారణంగా ఆ మోడెంలోనే ఉంటుంది. పీపీపీ మాటలు టవరు దాకా పోవు. అందువల్లనే అనేక జీఎస్ఎం కార్డులకు వాడుకరి పేరు అక్కరలేకపోయినా, లినక్స్‌లో ప్రసిద్ధమైన వీవీడయల్ అనే డయలింగ్ సాఫ్ట్‌వేరు ఆ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు కనుక, వాడుకరులు ఏదో ఒక అక్షరం అందులో పడేసి ముందుకు సాగేవారు. అదే సాఫ్ట్‌వేరు అమరికల్లో స్టుపిడ్ మోడ్ అనే గడి కూడా ఒకటుంది: అవతలి నుంచి ఏదో పలకరింపు వస్తుందని తెలివిగా ఎదురుచూడక, లైను కలిసిన వెంటనే పీపీపీని మొదలుపెట్టమని దాని అర్థం. డేటా కార్డుకు పలకరించే అలవాటు లేనందువల్ల, చాలామందికి ఈ మూర్ఖపు పద్ధతే అక్కరకు వచ్చింది.

యూఎస్‌బీ ప్రమాణం 1996లో వెలువడినా, మొబైలు మోడెం మొదట ల్యాప్‌టాప్ పక్క అరలో దూరే పీసీ కార్డు రూపంలోనే వచ్చింది. బెల్జియంలోని లూవెన్ నగరానికి చెందిన ఆప్షన్ సంస్థ గ్లోబ్‌ట్రాటర్ పేరుతో అమ్మిన కార్డులకు ఈ రంగంలో మంచి పేరుండేది. ఆ కార్డును విప్పి చూస్తే లోపల ఉన్నది యూఎస్‌బీయే: కార్డు ఒక యూఎస్‌బీ నియంత్రికను మోస్తే, దాని వెనుక మోడెం కూర్చునేది. ఆనాటి లినక్స్ కెర్నెల్, అంటే యంత్రానికీ సాఫ్ట్‌వేరుకూ నడుమ ఉండే మూలభాగం, ఇటువంటి వాటిని సాధారణ సీరియల్ డ్రైవరుతో నడిపేది. కాని సమాచారం వేగంగా వచ్చిపడినప్పుడు దానిని అందుకొనే పాత్ర చాలక కొంత జారిపోయేది. ఈ లోపాన్ని సరిచేయడానికి మథియాస్ ఉర్లిక్స్ 2005లో రాసిన డ్రైవరుకు, అది ఎక్కువగా నడిపిన కార్డు పేరున, ఆప్షన్ అనే పేరే పెట్టారు. తరువాతి కాలంలో చైనా సంస్థలైన హువావే, జెడ్‌టీఈల మోడెంలు వందలాదిగా వచ్చి అదే డ్రైవరు పట్టికలో చేరాయి. 2006లో హువావే ఈ220 విడుదలై యూఎస్‌బీ మోడెంను జనసామాన్యపు సరుకుగా మార్చక ముందే, దానిని నడపగల డ్రైవరు లినక్స్‌లో సిద్ధంగా ఉందన్నమాట.

చిక్కు మరొక చోట పుట్టింది. కొత్త మోడెం కొన్నవారికి విండోస్ డ్రైవరు సీడీ వేరుగా ఇవ్వడం ఖర్చు, పైగా చిన్న ల్యాప్‌టాప్‌లకు సీడీ అరే ఉండదు. అందువల్ల మోడెంలోనే కొంత జ్ఞాపకస్థలం పెట్టి, డ్రైవరును అందులో దాచి, గుచ్చగానే ఆ పరికరం తాను మోడెం అని చెప్పకుండా సీడీ డ్రైవునని చెప్పుకొనే ఏర్పాటు చేశారు. ఆప్షన్ సంస్థ దీనికి జీరోసీడీ అని పేరు పెట్టింది. విండోస్ ఆ సీడీని తెరిచి, డ్రైవరును ఎక్కించుకొని, ఒక రహస్య సంకేతం పంపితే, పరికరం పగటివేషగాడు తలపాగా తీసినట్టు సీడీ వేషం విడిచి మోడెంగా మళ్లీ ప్రత్యక్షమయ్యేది. లినక్స్‌కు ఆ సంకేతం ఎవరూ చెప్పలేదు. అది పరికరం మాటను నమ్మి, నమ్మకంగా ఒక సీడీ బొమ్మను తెర మీద చూపించి ఊరుకొనేది. సౌకర్యం పేరుతో ఒక వ్యవస్థకు మాత్రమే తెలిసిన తాళం వేసి, మిగిలిన వాటికి తలుపు తెరవడం రాదని అనడం న్యాయం కాదు.

ఆ తాళానికి మారు తాళంచెవి చేసినవారు జర్మనీకి చెందిన జోజువా డీట్జె. ఆయన రాసిన యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే సాఫ్ట్‌వేరు, విండోస్ డ్రైవరు పంపే సంకేతాలను గమనించి సేకరించిన పట్టిక ఆధారంగా, ఒక్కొక్క మోడెంకు తగిన సంకేతం పంపుతుంది. హువావే మోడెంలు అనేకం వినే సంకేతం 31 బైట్ల పొడవుంటుంది, దాని మొదటి నాలుగు బైట్లను అక్షరాలుగా చదివితే యూ, ఎస్, బీ, సీ అని వస్తుంది. ఇది యూఎస్‌బీ నిల్వ పరికరాలకు పంపే ప్రతి ఆజ్ఞకూ ఉండే శిరోలేఖనమే. మార్పు జరిగిందో లేదో తెలిసేది యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యల జత వల్ల. మొదటి సంఖ్య తయారీదారుది, రెండవది నమూనాది, రెండూ పదహారు గుర్తుల లెక్కలో ఉంటాయి. ఉదాహరణకు హువావే ఈ1550 సీడీ వేషంలో 12డి1:1446గా కనిపించి, వేషం తీసేశాక 12డి1:1001గా మారుతుంది. ఆ నాలుగు అంకెలు మారడంతోటే ఆప్షన్ డ్రైవరు మేలుకొని, మోడెంకు రెండు మూడు సీరియల్ ద్వారాలు తెరుస్తుంది.

భారతదేశంలో బీఎస్ఎన్ఎల్ 2009 ఫిబ్రవరిలో 3జీ సేవలు ప్రారంభించగా, ప్రైవేటు సంస్థల కోసం 2010 ఏప్రిల్, మే నెలల్లో 34 రోజులు సాగిన తరంగాల వేలం ప్రభుత్వానికి సుమారు 67,719 కోట్ల రూపాయలు తెచ్చిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో, అంటే ఆ పేరుతో లైసెన్సు ఇచ్చిన ప్రాంతంలో, ఒక్కొక్కరు 1,373 కోట్లకు పైగా చెల్లించి తరంగాలు దక్కించుకొన్నవారు ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్. రాష్ట్ర విభజన తరువాత కూడా లైసెన్సుల లెక్కలో ఈ సర్కిల్ ఒకటిగానే మిగిలింది. ఈ సర్కిల్ అంచున ఉన్న నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాలో చేరింది. బీదరు నేటి కర్ణాటకకు పోయింది. కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు తెలుగుతో కలిసి వినిపించే ఈ సీమలో రాష్ట్ర సరిహద్దే మొబైలు సర్కిల్ సరిహద్దు కూడా అయింది. తరంగాలకు సరిహద్దు రాళ్లు కనబడవు కనుక, కంగ్టి, నాగల్‌గిద్ద వంటి సరిహద్దు వైపు ఊళ్లలో డేటా కార్డు కర్ణాటక టవరును పట్టుకొని రోమింగులోకి జారే అవకాశం ఎప్పుడూ ఉండేది.

దీనికి మందు కూడా ఆ పాత ఏటీ భాషలోనే దొరికింది. ప్రతి నెట్‌వర్కుకూ ఐదు లేదా ఆరు అంకెల గుర్తు ఉంటుంది, మొదటి మూడు దేశానివి, తరువాతివి సంస్థవి, సర్కిల్‌వి. బీఎస్ఎన్ఎల్‌కు ఆంధ్రప్రదేశ్‌లో 40473, కర్ణాటకలో 40471. ఎయిర్‌టెల్‌కు ఇక్కడ 40449, అక్కడ 40445. వీవీడయల్ అమరికల ఫైలులో ఏటీ+సీఓపీఎస్ అనే ఆజ్ఞకు 40473 అనే అంకెను జతచేస్తే, సిగ్నలు బలహీనమైనా సరే, కార్డు సొంత సర్కిల్‌నే పట్టుకొని ఉంటుంది. ఆ ఫైలులో అంతకు ముందు రాయవలసిన పంక్తి ఏపీఎన్, అంటే మొబైలు నెట్‌వర్కు నుంచి ఇంటర్నెట్టులోకి పోయే ద్వారం పేరు: బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. సిగ్నలు ఎంతుందో అడిగే ఏటీ+సీఎస్‌క్యూ ఆజ్ఞకు 0 నుంచి 31 లోపు అంకె జవాబుగా వస్తుంది; 99 వస్తే మోడెంకు ఏమీ అంతు చిక్కలేదని అర్థం. అంకె పది లోపు ఉన్నప్పుడు డేటా కార్డును కంప్యూటరుకు నేరుగా గుచ్చక, యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించి కిటికీ ఊచలకు వేలాడదీసి, అంకె పెరిగే చోటు వెతుక్కోవడమే చౌకైన చికిత్స.

అన్నిటికన్నా విసుగు పుట్టించినది వేరే సంగతి. ఇంటర్నెట్టు రావాలంటే మోడ్‌స్విచ్, వీవీడయల్ కావాలి. అవి దింపుకోవాలంటే ఇంటర్నెట్టు కావాలి. ఒక్క వీవీడయల్‌ను పెన్‌డ్రైవులో తెచ్చుకొంటే సరిపోదు, అది ఆధారపడే లైబ్రరీలను కూడా, లినక్స్ కూర్పు సంఖ్యకు సరిపోయేవాటినే తేవాలి; ఒకటి మరచిపోయినా స్థాపన ఆగిపోతుంది. నెట్ సెంటరులో దింపుకొనే వీలు లేకపోతే, నారాయణఖేడ్‌కు వంద కిలోమీటర్లు మించిన దూరంలోని హైదరాబాదులో చదివే పిల్లల పెన్‌డ్రైవులే దిక్కు. ఆ నగరం కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారం చేసిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ కూర్పును వెలువరించి ఇంజనీరింగ్ కళాశాలల్లో పంచింది గాని, తెర మీద తెలుగు కనిపించినంత మాత్రాన డేటా కార్డు వేషం విప్పదు.

ఈ శ్రమను పెద్ద లినక్స్ సంస్థలు కూడా గుర్తించాయి. 2008 చివర్లో వచ్చిన నెట్‌వర్క్‌మేనేజర్ 0.7, దానిని చేర్చుకొన్న ఉబుంటు 8.10, మొబైలు మోడెంను వైఫైతో సమానంగా మెనూలో చూపడం మొదలుపెట్టాయి. దేశాన్నీ సంస్థనూ ఎంచుకొంటే ఏపీఎన్ దానంతట అదే పడేలా ప్రపంచంలోని మొబైలు సంస్థల వివరాల పట్టిక ఒకటి తయారై, భారతీయ సంస్థలూ అందులో చేరాయి. తరువాత మోడెంతో మాట్లాడే పని మోడెం‌మేనేజర్ అనే ప్రత్యేక సాఫ్ట్‌వేరుకు అప్పగించారు. పాత అలవాటు కొద్దీ వీవీడయల్ కూడా నడిపినవారికి, రెండూ ఒకే సీరియల్ ద్వారం దగ్గర పోటీ పడి, ఒకదానికి వచ్చిన జవాబు రెండవది మింగేయడం వంటి కొత్త తగవులు ఎదురయ్యాయి. 2012లో కెర్నెల్ 3.4లో చేరిన క్యూఎంఐ డ్రైవరుతో ఉత్తుత్తి నంబరూ పీపీపీ కూడా అక్కరలేని దారి తెరుచుకొంది. హువావే హైలింక్ మోడెంలైతే ఒక అడుగు ముందుకు వేసి, తమను తాము నెట్‌వర్కు కార్డులమని చెప్పుకొన్నాయి, బ్రౌజరులో 192.168.8.1 తెరిస్తే చాలు, లినక్స్‌లో టెర్మినల్ జోలికి పోనక్కరలేదు.

సౌకర్యం పూర్తయ్యేసరికి అవసరం తగ్గింది. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలయ్యాక, జేబులోని ఫోనే హాట్‌స్పాట్ అయింది. యూఎస్‌బీ తీగతో తగిలించినా ఆండ్రాయిడ్ ఫోనును లినక్స్ ఏ అమరికా లేకుండా గుర్తిస్తుంది. సీడీఎంఏ సేవలు మూతపడడంతో #777 కార్డులు పూర్తిగా నిరుపయోగమయ్యాయి. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీని ఉపసంహరించుకొన్నందువల్ల, ఆ సంస్థ సిమ్ వేసిన పాత 3జీ కార్డు నేడు 2జీ దగ్గర ఆగిపోతుంది; సందేశాలు పంపడానికి, బోరు మోటారు నియంత్రికల వంటి చిన్న ప్రయోగాలకు తప్ప అది పనికిరాదు. ఆప్షన్ డ్రైవరు పట్టికకు మాత్రం కెర్నెల్ కొత్త కూర్పులతో పాటు కొత్త గుర్తింపు సంఖ్యలు చేరుతూనే ఉన్నాయి: ల్యాప్‌టాప్ లోపల బిగించే 4జీ, 5జీ మాడ్యూళ్లలో అనేకం అదే డ్రైవరు తెరిచిన ద్వారం వద్ద నేటికీ ఏటీ అనే రెండు అక్షరాలకు జవాబిస్తున్నాయి.