కొత్తనీరు నుంచి మండువేసవి దాకా: ఖమ్మం, భద్రాచలం వైపు ఏ కాలంలో ఏ వేట

మృగశిర కార్తె వచ్చిందంటే ఖమ్మం చేపల మార్కెట్‌లో నిలబడటానికి జాగా ఉండదు. ఏటా జూన్ 7 లేదా 8న మొదలయ్యే ఈ కార్తెలో చేప తినాలన్నది తెలంగాణ ఇళ్లల్లో పాత అలవాటు. ఎండ పోయి వాన వచ్చే సంధిలో ఒంటికి మంచిదని పెద్దలు చెప్తారు. అయితే ఆ రోజులు మొదలుకొని ఆగస్టు దాకా గోదావరిలో, వాగుల్లో చేప కడుపు నిండా జన ఉంటుంది. మనం తినాలనుకునే కాలం, చేప గుడ్లు పెట్టే కాలం ఒకటే. ఈ చిక్కు అర్థమైతే ఏ నెలలో వల వేయాలి, ఏ నెలలో ఆపాలి అన్నది దానంతట అదే తెలుస్తుంది.

ఏటి చేప వేరు, చెరువు చేప వేరు

ఉమ్మడి ఖమ్మం జిల్లా 2016 అక్టోబర్ 11న ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలుగా విడిపోయింది. నీళ్ల లెక్కలో చూస్తే ఈ ప్రాంతం ముందు నుంచీ రెండు ముక్కలే. ఖమ్మం వైపు పాలేరు, మున్నేరు, వైరా నీళ్లు కృష్ణలోకి పోతాయి. భద్రాచలం వైపు తాలిపేరు, కిన్నెరసాని గోదావరిలో కలుస్తాయి. ఇంకా కిందకి పోతే కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి.

ఖమ్మం వైపు వేటంతా ఎక్కువగా చెరువులు, రిజర్వాయర్ల మీదే. నిజాం కాలపు ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చేసిన పనుల్లో వైరా, పాలేరు జలాశయాలను కూడా చెప్పుకుంటారు. ఇప్పుడు పాలేరు సాగర్ ఎడమ కాల్వ మీద బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. చేపల పరిశోధన కేంద్రం కూడా అక్కడే ఉంది. అక్కడ నీటి మట్టం వాన ఒక్కదాన్ని బట్టే ఉండదు, సాగర్ నుంచి వదిలే నీళ్లను బట్టి కూడా ఉంటుంది. ఇలాంటి నీళ్లలో పిల్లలు పోసి పెంచుతారు. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల సైజు పిల్లలు, ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు.

గోదావరి, శబరి, అడవి వాగుల్లో కథ వేరే. అక్కడ చేప ఎక్కువగా తనంతట తాను పుట్టి పెరగాల్సిందే. చెరువులో ఈ ఏడు మొత్తం పట్టేసినా వచ్చే ఏడు పిల్లలు పోసుకోవచ్చు. ఏట్లో తల్లి చేపను పట్టేస్తే ఆ లోటు పూడ్చడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

వానాకాలం: ఎదురెక్కే చేప

జూన్ చివర, జులైలో ఎర్రటి కొత్తనీరు దిగగానే చేపలు ప్రవాహానికి ఎదురు ఈదుతాయి. బొచ్చె, రవ్వ, మోసు లాంటి పెద్ద చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. పారే నీళ్లు కావాలి, వరదకు మునిగిన పల్లపు నేల కావాలి. అందుకే చెరువుల్లో ఎంత పెరిగినా వాటంతట అవి పిల్లలు చేయవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. ఇవాళ చెరువుల్లో పోసే పిల్లలన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ రోజునే దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతారు.

ఎదురెక్కే చేపను పట్టడం చాలా తేలిక. వాగు మడతలో దడి కట్టి మధ్యలో సందు వదిలి వెదురు మావు పెడితే చాలు, చేప వచ్చి దాంట్లోనే పడుతుంది. కల్వర్టు కింద, అలుగు దగ్గర విసురు వల వేసినా ఖాళీగా రాదు. అడవి ఊళ్లలో చిన్నపిల్లలు కూడా బుట్టలతో పట్టేస్తారు.

ఇక్కడే లెక్క వేసుకోవాలి. జన నిండిన రవ్వ తన బరువులో కిలోకి లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. రెండు కిలోల తల్లి అనుకుంటే రెండు లక్షలు. అందులో వెయ్యికి ఒక్కటే బతికి కిలో చేప అయిందనుకున్నా 200 కిలోలు. జులైలో ఆ తల్లిని పడితే చేతికొచ్చేది రెండు కిలోల డబ్బు, పోయేది 200 కిలోల సరుకు. వ్యాపారం భాషలో చెప్పాలంటే ఇది లాభం తినడం కాదు, పెట్టుబడిని తినడం.

కొర్రమీను సంగతి ఇంకొంచెం తేడా. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ఇది పారే నీళ్లు అడగదు. నాచు, తుంగ ఉన్న లోతులేని చోట గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైన కదులుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ ఎర్ర గుంపును చూసి గాలం వేస్తే పెద్ద చేప కోపంతో వచ్చి తగులుకుంటుంది. కాపలా పోయాక పిల్లల్ని మిగతా చేపలు గంటల్లోనే తినేస్తాయి. ఒక్క గాలానికి గుంపంతా పోయినట్టే.

వానాకాలంలో రిజర్వాయర్లలో వేట ఆపాలని మత్స్యశాఖ చెప్పేది ఇందుకే. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట ఆపినట్టే, మంచినీళ్ల వేటకు కూడా విరామం కావాలి.

పులస ఈ సీజన్‌లో భద్రాచలం దాకా వస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. రాదు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురెక్కే పులసకు ధవళేశ్వరం ఆనకట్టే అడ్డం.

వరద తగ్గాక: అసలు సీజన్

సెప్టెంబర్ చివరి నుంచి నీళ్ల రంగు మారుతుంది. ఎర్రనీళ్లు తేటపడతాయి, గుడ్లు పెట్టిన చేప మళ్లీ మేతకు దిగుతుంది. ఏట్లో మంచి వేట అక్టోబర్ నుంచి జనవరి దాకా.

కట్టు వల సాయంత్రం వేసి తెల్లారకముందే తీస్తారు. బొచ్చె పై నీళ్లలో మేస్తుంది, రవ్వ మధ్యలో, మోసు అడుగున. అందుకే బెండ్లు ఎక్కువ కట్టి వలను పైకి తేల్చితే బొచ్చె, గుళ్లు ఎక్కువ కట్టి అడుగుకు దించితే మోసు పడుతుంది. నీళ్లు తేటగా ఉండి వెన్నెల కాస్తే తంగూసు వల చేపకు కనిపిస్తుంది, పక్కకు తప్పుకుంటుంది. చీకటి రాత్రులే నయం.

వాలుగ, జెల్ల రాత్రి తిరుగుతాయి. వాలుగకు చిన్న చేపను, జెల్లకు వానపామును గాలానికి గుచ్చి మడుగు అంచున వదులుతారు. రవ్వకు తవుడు ముద్దలు పనిచేస్తాయి. చలి ముదిరే కొద్దీ చేప లోతు మడుగుల్లోకి పోతుంది, మేత తగ్గిస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఉదయం పూట కంటే ఎండ పొడిచాక గాలం వేయడమే మంచిది.

చెరువుల్లో ఈ నెలలు కాపలా నెలలు. పోసిన పిల్లలు ఎదుగుతుంటాయి. నీళ్లు అలుగు పారితే పిల్లలన్నీ వాటితోపాటే పోతాయి కాబట్టి సొసైటీలు అలుగు దగ్గర జాలీ కడతాయి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం పట్టణాన్ని ముంచిన లాంటి వరద వస్తే మాత్రం ఏ జాలీ ఆగదు.

ఎండాకాలం: చెరువు ఖాళీ, మడుగు కరువు

మార్చి నుంచి మే దాకా చెరువుల్లో లాగుడు వల సీజన్. నీళ్లు తగ్గి చేప ఒకచోటికి చేరుతుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు వల చుట్టి పదిమంది లాగితే ఏడాది పంట ఒకట్రెండు రోజుల్లో గట్టుకొస్తుంది. మోకాలి లోతు నీళ్లలో ఊతతో అదిమి పట్టడం కూడా ఈ రోజుల పనే.

వేడి నీళ్లలో గాలి తక్కువ నిలుస్తుంది. రాత్రంతా నాచు కూడా ఆ గాలినే పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున కొరత మరీ ఎక్కువ. ఆ టైంలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ప్రమాద సూచన. వెంటనే కొత్త నీళ్లు పెట్టాలి, లేదంటే కొంత సరుకు పట్టి అమ్మేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే చెరువంతా తెల్లగా తేలుతుంది. కొర్రమీను, మార్పు మాత్రం పైగాలి పీల్చి బతుకుతాయి.

ఏట్లో మండువేసవి మడుగులకు ఇంకో విలువ ఉంది. అడవి వాగులు ఎండి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన గుంటల్లోనే జులైలో గుడ్లు పెట్టాల్సిన తల్లి చేపలు దాక్కుంటాయి. ఆ గుంటను పూర్తిగా తోడేస్తే వచ్చే వానకు ఎదురెక్కడానికి చేపే ఉండదు. ప్రతి వాగులో ఒక్క మడుగునైనా ముట్టకుండా వదిలేయడం ఊరికి విత్తనాల గాదె ఉంచుకోవడంతో సమానం.

చేయకూడని వేట

పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ నుంచే నేరం. అయినా అడవి అంచు మడుగుల్లో ఇవి పూర్తిగా ఆగలేదు. తూటా పేలిస్తే చచ్చిన చేపలో చాలావరకు తేలదు, అడుగునే కుళ్లిపోతుంది. పట్టినవాళ్ల చేతులు పోయిన సంగతులూ ఉన్నాయి. మంగకాయ నూరి నీళ్లలో కలపడం గిరిజన పల్లెల్లో పాత పద్ధతి. ఇప్పుడు దాని చోట బ్లీచింగ్ పౌడర్, పురుగుమందు వచ్చాయి. ఆ నీళ్లే పశువులు తాగుతాయి, ఆ చేపే బజారుకొస్తుంది. కరెంటు తీగ వేసి పట్టడం అంతకంటే ప్రమాదం, నీళ్లలో దిగినవాడే ముందు పోతాడు.

దోమతెర లాంటి సన్న కన్ను వల కూడా ఇదే కోవలోకి వస్తుంది. వేలెడు పిల్లల్ని కిలోల లెక్కన ఎండబెట్టి అమ్మితే వచ్చేది చిల్లర. అవే ఏడాది ఆగితే కిలో చేపలు.

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయం అభయారణ్యంలో ఉంది. మొసళ్లున్న నీళ్లు అవి. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ వల వేయకూడదు. ఇతర చెరువుల్లో వేట హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల నిర్వహణను 1996 పెసా చట్టం పంచాయతీలకు అప్పగించింది. గాలమే కదా అని దిగేముందు అక్కడి సంఘాన్నో పంచాయతీనో అడగడం మర్యాద, గొడవ కూడా తప్పుతుంది.

43, 48, 53

భద్రాచలంలో గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు.

వేటకు పోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, భద్రాచలంలో చినుకు పడకపోయినా ఏరు పెరుగుతుంది. పైన ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లు వస్తాయి. ఛత్తీస్‌గఢ్ కొండల్లో వాన పడితే చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తుతారు. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు వెనక్కి తంతాయి, పొద్దున నడిచి దాటిన వాగు సాయంత్రానికి నిలువెత్తు అవుతుంది.

• మొదటి హెచ్చరిక వచ్చాక దోనె, పుట్టి, థర్మాకోల్ తెప్ప ఏదీ నీళ్లలో దించొద్దు.
• వరదలో కట్టు వల వేయొద్దు. కొట్టుకొచ్చే దుంగలకు వల తగులుకుంటే దాంతోపాటు తెప్పా పోతుంది.
• విసురు వల తాడును మణికట్టుకు ముడివేయొద్దు. చేత్తో పట్టుకుంటే చాలు, అవసరమైతే వదిలేయొచ్చు.
• అలుగు పారుతున్నప్పుడు నాచు పట్టిన రాయి మీద నిలబడొద్దు.
• ఒంటరిగా, రాత్రిపూట మడుగులో దిగొద్దు.

కొనేవాళ్ల చేతిలో కూడా ఉంది

జన ఉన్న చేపకు బజారులో గిరాకీ ఉన్నంతకాలం జులైలో దడి కట్టేవాడు ఉంటాడు. వాడి ఇంట్లో కూడా ఆ రోజు పొయ్యి వెలగాలి కదా. కాబట్టి వేట ఆపమని చెప్పడంతో పని అయిపోదు, ఆ రెండు నెలలు వేటగాళ్లకు వేరే ఆధారం కూడా చూడాలి.

కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మృగశిరకు గానీ ఆ తర్వాత రెండు నెలలు గానీ చేప కావాలంటే చెరువులో పెంచిన రవ్వ, బొచ్చె అడగండి. అవి నిలవ నీళ్లలో ఎలాగూ పిల్లలు పెట్టవు, తింటే నష్టం లేదు. గోదావరి చేప రుచి కావాలనుకుంటే అక్టోబర్ దాకా ఆగండి. అప్పటికి గుడ్లు పెట్టే పని అయిపోయి, చేప మళ్లీ మేత మేసి కండపడుతుంది.