మిరప కోతల కాలంలో మంచు వాలు

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిరప కోతలు జనవరిలో ఊపందుకుంటాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గుంటూరు మిర్చి యార్డు నిండా టిక్కీలే (మిరప బస్తాలే). హిమాలయాల్లో స్కీయింగ్ సాగేదీ ఆ నెలల్లోనే. యార్డుకు సెలవులిచ్చే మే నాటికి కింది వాలుల్లో మంచు మిగలదు. ఇక్కడి రైతుకు ఈ ఆట దూరమైంది ఎండ వల్లే కాదు, పంట వల్ల కూడా!

తెలుగువాళ్లలో చాలామంది మంచును మొదట సినిమా పాటల్లోనే చూశారు. 2004లో హైదరాబాద్‌లో స్నో వరల్డ్ తెరిచాక, అద్దె కోటు తొడుక్కుని దాన్ని తాకి చూశారు. అక్కడ జారడం సరదాకే. స్కీ నేర్వాలంటే ఉత్తరాదికి పోవాల్సిందే.

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌ది పాత కథ. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. 1968లో ప్రభుత్వ శిక్షణ సంస్థ వచ్చింది. 1998లో మొదలైన గొండోలా (కేబుల్ కారు), 2005లో రెండో దశతో అఫర్వత్ కొండ మీదికి పాకింది. గుల్మార్గ్‌కు ప్రపంచంలో పేరు తెచ్చింది ఆ పైవాలే. కొత్తవాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు; మంచు చరియలు విరిగిపడే చోటది. వాళ్లకు తగినవి ఊరి దగ్గరి చిన్న వాలులే.

ఉత్తరాఖండ్‌లోని ఔలి 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికైంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ 7, 14 రోజుల స్కీ కోర్సులు నడుపుతూ వచ్చింది. ఏమీ తెలియనివారికి ఏడు రోజులదే మేలు. అయితే ఔలికి దారైన జోషీమఠ్‌లో నేల కుంగడంతో 2023 జనవరిలో ఆ రెంటినీ కలిపే రోప్‌వే ఆగిపోయింది. ఔలి ఎంచుకునేవారు బయల్దేరే ముందే ప్రయాణ మార్గం కనుక్కోవాలి.