మస్కట్ నుంచి సోహార్ దాకా: ఈ దారిన మనకన్నా ముందు వచ్చిన యాత్రికులు

రువిలో బస్సెక్కి ఖబూరాకు వచ్చే మనవాళ్లకు దారిలో ఊళ్ల పేర్లు నోటికి వచ్చేసి ఉంటాయి. సీబ్, బర్కా, ముసన్నా, సువేక్, ఆ తర్వాత మన ఊరు. ఇంకా ముందుకు పోతే సహమ్, సోహార్. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఖర్జూరపు తోటలు, వాటి వెనక కొండలు. ఈ తీరమంతటికీ బాతినా అని పేరు. మనకు ఇది డ్యూటీకి వచ్చే రోడ్డు, సెలవుకు ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు. అయితే 1891లో ఒక క్రైస్తవ వృద్ధుడు పుస్తకాల మూట పట్టుకొని ఈ తీరంలో సీబ్ దాకా వచ్చి అక్కడే కుప్పకూలాడు. 1899లో ఇంకొక యువకుడు బర్కాలో ప్రాణం విడిచాడు. వాళ్లిద్దరికీ పన్నెండు వందల ఏళ్లకు పైగా ముందు సోహార్ వైపు క్రైస్తవ సంఘాలు ఉండేవి, వాటికి బిషప్పులు ఉండేవారు. ఈ సంగతులు మన క్యాంపుల్లో చాలామందికి తెలియవు. అందుకే ఈ వారం వాటి గురించి రాస్తున్నాం.

సీబ్‌లో పడిపోయిన ఆ పెద్దాయన పేరు థామస్ వాల్పీ ఫ్రెంచ్. పేరు ఫ్రెంచ్ అయినా మనిషి ఇంగ్లీషువాడే. 1825లో పుట్టాడు. 1850 ప్రాంతంలో ఇండియాకు వచ్చాడు. ఆగ్రాలో ఇప్పటికీ నడుస్తున్న సెయింట్ జాన్స్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. భాషలంటే పిచ్చి. ఉర్దూ, పార్సీ, పంజాబీ, పష్తో అంటూ ఒకదాని వెంట ఒకటి నేర్చుకుంటూ పోయేవాడు. అందుకే జనం ఆయనను ఏడు భాషల పాదిరి అని పిలిచేవారు.

1857 తిరుగుబాటు రోజుల్లో ఆగ్రాలోని తెల్లవాళ్లంతా కోటలోకి పరుగెత్తారు. ఇండియన్ క్రైస్తవులను మాత్రం లోపలికి రానివ్వలేదు. వాళ్లను రానిస్తేనే తానూ లోపలికి వస్తానని, లేకపోతే బయటే ఉంటానని ఫ్రెంచ్ పట్టుబట్టాడు. చివరికి అధికారులే దిగివచ్చి అందరినీ లోపలికి తీసుకున్నారు. ఆయన మత బోధ గురించి ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ ఒక్క పనికి ఆయన మీద మాకు గౌరవం ఉంది.

1877లో లాహోర్‌కు మొదటి బిషప్ అయ్యాడు. పదేళ్లు చేసి, 1887లో పదవి వదులుకున్నాడు. అప్పటికి వయసు అరవై దాటింది, ఆరోగ్యం బాగాలేదు. ఇంగ్లండ్ వెళ్లి పెన్షన్ మీద హాయిగా ఉండవచ్చు. ఆయన మాత్రం బాగ్దాద్, మోసుల్ మీదుగా సిరియా, యెరూషలేము వైపు యాత్రకు బయలుదేరాడు. దారిలో పాత తూర్పు సంఘాల క్రైస్తవులను కలుస్తూ, అరబ్బీ నేర్చుకుంటూ పోయాడు. ఆ యాత్ర ముగిశాక కూడా కుదురుగా కూర్చోలేదు. 1891 ఫిబ్రవరిలో మస్కట్‌లో దిగాడు. అప్పటికి అరవై ఆరేళ్లు. ఆయనను పంపిన సంస్థ ఏదీ లేదు, వెనక డబ్బు పెట్టేవాళ్లూ లేరు. తనంతట తాను వచ్చాడు.

అప్పటి మస్కట్ అంటే ఇప్పుడు మనం చూసే నగరం కాదు. కొండల మధ్య ఇరుకు రేవు, గోడలున్న ఊరు, పైన రెండు పోర్చుగీసు కోటలు. సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ పాలన. బజార్లో కచ్ నుంచి వచ్చిన మన గుజరాతీ వ్యాపారులు ఎంతోమంది ఉండేవారు. ఫ్రెంచ్‌కు ఇల్లు దొరకటమే కష్టమైంది. తర్వాత మత్రాలో తల దాచుకున్నాడు. రోజూ బజారుకు పోయి, ఎవరైనా వింటే అరబ్బీలో చదివి వినిపించేవాడు. కొందరు కూర్చోబెట్టి మర్యాద చేశారు, కొందరు కసిరి పంపించారు. (ఇప్పుడు ఇక్కడ బహిరంగంగా మత ప్రచారం చేయటానికి చట్టం ఒప్పుకోదు. ఇదంతా ఆ కాలపు ముచ్చట అని మనవాళ్లు గుర్తుంచుకోవాలి.)

మే నెల వచ్చింది. ఇక లోపలి ఊళ్లకు పోవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. పుస్తకాలు తీసుకొని పడవలో సీబ్ చేరాడు. అక్కడే ఎండదెబ్బ తగిలింది. తెలివి తప్పిన మనిషిని తిరిగి మస్కట్ చేర్చారు. 1891 మే 14న చనిపోయాడు. ఒమన్‌లో ఆయన ఉన్నది మూడు నెలల పైచిలుకు రోజులు, అంతే.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆయన ఎండ తెలియని మనిషి కాదు. ఆగ్రాలో, లాహోర్‌లో ఎన్నో మండు వేసవులు చూసినవాడు. బహుశా అదే ఆయనను ముంచింది అని మాకు అనిపిస్తుంది. లాహోర్‌ది చాలావరకు పొడి ఎండ. చెమట పడుతుంది, ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. బాతినా తీరంలో అలా కాదు. సముద్రపు తేమకు చెమట ఆరదు, ఒంట్లో వేడి లోపలే ఉండిపోతుంది. నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, కడప నుంచి కొత్తగా వచ్చే మన తమ్ముళ్లు కూడా మొదటి వేసవిలో ఇదే మాట అంటారు: "మా ఊరి ఎండ ముందు ఇదెంత అన్నా!" ఆ మాట అన్నవాడినే జూన్‌లో నీడకు మోసుకుపోవలసి వస్తుంది. ఒమన్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా బయట పని చేయించకూడదని 2008లో నిబంధన వచ్చింది. మంచిదే. కానీ ఫ్రెంచ్ పడిపోయింది మే మొదటి రోజుల్లో. మే నెలకు ఆ నిబంధన వర్తించదు. అందుకని మే నెలలో మన జాగ్రత్త మనదే. పనిచేస్తున్నవాడికి మాట తడబడినా, ఉన్నట్టుండి తిక్కగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా వాడు సాకులు చెబుతున్నాడు అనుకోవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

ఫ్రెంచ్ సమాధి మస్కట్ పక్కనే ఉంది. కానీ నడిచి పోలేం. నిటారు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు అది, పడవలోనే చేరాలి. ఓడల మీద చనిపోయిన నావికులను కూడా అక్కడే పూడ్చేవారు. ఆయనను పూడ్చిన కొన్నేళ్లకు అదే ఒడ్డున ఇంకో గొయ్యి తవ్వారు. అది జార్జ్ స్టోన్ అనే అమెరికన్ యువకుడిది. 1898లో అరేబియాకు వచ్చాడు. 1899 జూన్‌లో బర్కాలో ఎండదెబ్బతో పోయాడు. వచ్చి ఏడాది కూడా కాలేదు.

స్టోన్ కన్నా ముందు ఇక్కడికి వచ్చిన పీటర్ జ్వేమర్ గురించి ఒక ముక్క చెప్పాలి. 1893లో వచ్చి మస్కట్‌లో అమెరికన్ మిషన్ తెరిచాడు. ఆ రోజుల్లో ఆఫ్రికా నుంచి పిల్లలను పడవల్లో తెచ్చి బానిసలుగా అమ్మేవారు. 1896లో అలాంటి పడవల నుంచి విడిపించిన 18 మంది మగపిల్లలను ఇంగ్లీషు కాన్సల్ ఆయనకు అప్పగించాడు. ఆయన వాళ్లకు తిండి పెట్టి, చదువు, చేతిపని నేర్పించాడు. 1898లో జబ్బుపడి అమెరికా చేరి, అక్కడే చనిపోయాడు. ముప్పై ఏళ్లు. ఆ పిల్లలు ఎక్కడివాళ్లో, వాళ్ల అమ్మానాన్నలు ఎవరో, తర్వాత ఏ పనుల్లో స్థిరపడ్డారో మన చేతికందే చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. పాదిరీల పేర్లు మాత్రం తేదీలతో సహా ఉన్నాయి. చరిత్ర పుస్తకాలు తరచుగా అంతే. బిల్డింగ్ ఎవరు కట్టించారో రాస్తారు, ఎవరు కట్టారో రాయరు.

తర్వాత వచ్చినవాళ్లకు జనంలో చోటు దొరికింది. దానికి కారణం పుస్తకాలు కాదు, మందులు. డాక్టర్ షారన్ థామ్స్ మత్రాలో వైద్యం మొదలుపెట్టాడు. 1913లో టెలిఫోన్ తీగ వేస్తూ స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన కొడుకు వెల్స్ థామ్స్ కూడా డాక్టరై 1939లో అదే ఊరికి వచ్చి, 1970 దాకా పనిచేశాడు. తండ్రి పడి చనిపోయిన ఊరికే కొడుకు తిరిగివచ్చి ముప్పై ఏళ్లు ఉండటం మామూలు సంగతి కాదు. 1970 నాటికి ఒమన్ మొత్తం మీద ఆస్పత్రి అనదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కంటిజబ్బులతో, జ్వరాలతో బాతినా ఊళ్ల నుంచి కూడా గాడిదల మీద, ఒంటెల మీద రోజుల తరబడి ప్రయాణం చేసి మత్రా చేరేవారు. 1970 దశకంలో ఆ ఆస్పత్రులు ప్రభుత్వం చేతికి వెళ్లాయి.

ఇక సోహార్ సంగతి. ఇది ఇంకా పాతది, మాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినదీ ఇదే.

ఇస్లాం రాకముందు ఈ ప్రాంతం పర్షియా రాజుల పలుకుబడిలో ఉండేది. అప్పుడు దీన్ని మజూన్ అనేవారు. పర్షియాలో ఉన్న తూర్పు సంఘం పెద్దలు అప్పుడప్పుడు మహాసభలు జరిపి, వచ్చిన బిషప్పుల పేర్లు రాసిపెట్టుకునేవారు. 424లో జరిగిన సభకు మజూన్ బిషప్ యోహన్నాన్ వెళ్లాడు. 544లో దావీదు, 576లో సమూయేలు, 676లో స్తెఫాను. ఈ నాలుగు పేర్లు నిలిచాయి. మన ఊళ్లలో చర్చి కమిటీ మీటింగు రిజిస్టరులో సంతకాలు ఉన్నట్టే అనుకోండి. వీళ్ల పీఠం సోహార్‌లోనే ఉండేదని చరిత్రకారులు భావిస్తున్నారు. అప్పటి సోహార్ పెద్ద రేవు. అంటే ఖబూరా మీదుగా పోయే ఈ తీరంలో పదహారు వందల ఏళ్ల నాడే క్రైస్తవులు ఉన్నారన్నమాట.

తర్వాత వాళ్లేమయ్యారు? ఏడో శతాబ్దం నడిమిలో తూర్పు సంఘానికి పెద్దగా ఉన్న మూడో ఈషోయాబ్ రాసిన ఉత్తరాల్లో మజూన్ ప్రస్తావన ఉంది. అక్కడి క్రైస్తవులు చాలామంది కొత్త మతంలోకి పోయారని ఆయన బాధపడ్డాడు. బలవంతం ఏమీ జరగలేదని, పాత మతంలో ఉండాలంటే ఆస్తిలో సగం వదులుకోవాలన్నందుకే పోయారని ఆయన ఆరోపణ. అరబ్బు పాలకులు తమ పాదిరీలను, మఠాలను గౌరవిస్తున్నారని కూడా అదే మనిషి రాశాడు. ఇది ఒక పక్షం మాట, అదీ కోపంలో ఉన్న పెద్దమనిషి మాట. ఆ కుటుంబాల మనసులో ఏముందో ఆ ఉత్తరం నుంచి తెలియదు. అయినా 676లో స్తెఫాను సభకు వెళ్లాడంటే, అప్పటికీ ఇక్కడ కొంత సంఘం మిగిలే ఉంది. ఆ తర్వాత మజూన్ బిషప్పుల పేర్లు ఆ సభల్లో కనిపించవు.

సోహార్ వెళ్లి చూద్దామంటే ఆ కాలపు చర్చి గోడ ఏదీ లేదు. మెదక్ వెళితే 1924లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద గుడి కనిపిస్తుంది, కరువు రోజుల్లో తిండిగింజల కోసం రాళ్లు మోసిన మన తాతల చెమట కనిపిస్తుంది. గుణదల వెళితే కొండ, మెట్లు, ఫిబ్రవరి తిరునాళ్ల జనం. ఇక్కడ అలాంటివేమీ లేవు. పక్కన ఎమిరేట్స్‌లో మాత్రం అదే సంఘానికి చెందిన మఠాలు ఇసుకలో బయటపడ్డాయి. సర్ బనీ యాస్ దీవిలో 1992లో ఒకటి దొరికింది. ఉమ్ అల్ క్వైన్ దగ్గర సినియా దీవిలో మరొకటి దొరికినట్టు 2022లో ప్రకటించారు. వీసా దొరికి అటు పోయేవాళ్లు సర్ బనీ యాస్ చూడవచ్చు.

గోడలు పోయినా ఆ సంఘం భాష మన క్యాంపులోనే ఉంది. అది సిరియాక్. మన పక్క రూముల్లో ఉండే మలయాళీ సోదరుల్లో సిరియన్ క్రైస్తవులు చాలామంది. వాళ్ల కుర్బానాలో ఇప్పటికీ కొన్ని మాటలు, పాటలు సిరియాక్‌లోనే ఉంటాయి. పర్షియా తీరం నుంచి, ఈ గల్ఫ్ రేవుల నుంచి మిరియాల కోసం కేరళ పోయిన పడవల్లోనే ఆ సంఘం పాదిరీలూ పోయేవారు. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ మీద ఉన్న పాత రాతి సిలువ చూసే ఉంటారు. 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే బయటపడింది. దాని మీద చెక్కిన అక్షరాలు తమిళం కావు, లాటిన్ కావు. పర్షియావాళ్ల పహ్లవీ.

యాత్ర చేయాలనుకునేవారికి ఒమన్‌లో ఇంకో చోటు ఉంది. సలాలా పైన కొండ మీద నబీ అయ్యూబ్ సమాధి. అయ్యూబ్ అంటే బైబిల్లోని యోబే. యోబు సమాధి మా దగ్గరే ఉందని టర్కీలో, సిరియాలో కూడా అంటారు, ఆ తగవు మనకెందుకు. ముస్లింలు భక్తితో వచ్చే చోటు, క్రైస్తవులూ హిందువులూ వెళ్లి చూస్తారు. ఖబూరా నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. పోయేవారు ఖరీఫ్ సీజన్‌లో, జూలై ఆగస్టుల్లో పోతే కొండలు మన కోనసీమలా పచ్చగా ఉంటాయి. చెప్పులు బయట విడవాలి, తల కప్పుకోవాలి, లోపల గట్టిగా మాట్లాడకూడదు.

అంత దూరం పోలేనివారికి సోహార్ దగ్గర. సుల్తాన్ ఖబూస్ కాలంలో చర్చిలకు ప్రభుత్వమే స్థలాలు ఇచ్చింది. రువిలో క్యాథలిక్ చర్చి 1977లో తెరిచారు. సోహార్‌లో సెయింట్ ఆంథోనీస్ క్యాథలిక్ చర్చి ఉంది, ప్రొటెస్టెంట్లు కూడే చోటు కూడా ఉంది. ప్రార్థనలకు ప్రభుత్వం కేటాయించిన ఆవరణలకే వెళ్లాలి. క్యాంపు రూముల్లో మైకులు పెట్టి కూటాలు జరిపితే చిక్కుల్లో పడతారు. శుక్రవారం పొద్దున్నే నలుగురైదుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. వెళ్లేటప్పుడు రెసిడెంట్ కార్డు జేబులో ఉంచుకోండి.