సురభి రంగశిల్పము: తెరవెనుకటి చరిత్ర

సురభి నాటకమునకు 140 ఏండ్లు నిండిన ఈ శుభసందర్భమున ప్రత్యేకసంచికకు వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, నటీనటుల గానమాధుర్యమును గూర్చియు అభినయవైభవమును గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరనియు, బాల్యమునుండి నాకు పరిచితమైన తెరవెనుకటి పనివారి చరిత్రమును మాత్రము వ్రాయుటకు అనుజ్ఞ యొసగవలెననియు విన్నవించితిని. ఆట ముగిసి జనులు ఇండ్లకు మరలిన పిదప తెరలు చుట్టి, కిరీటములు పెట్టెలలో సర్ది, చినిగిన అంచులు కుట్టుకొను ఆ చేతులు లేనిచో సురభియే లేదని నా దృఢవిశ్వాసము.

కడపమండలమందలి సురభిగ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు ప్రభృతులు ఒక వివాహవేడుకలో ‘కీచకవధ’ను ప్రదర్శించుటతో ఈ మహావృక్షమునకు బీజము పడినది. అప్పటికి కొలదియేండ్లకు ముందు, 1880 ప్రాంతమున, ధార్వాడ నాటకసమాజమువారు చిత్రితయవనికలతో ఆంధ్రదేశమునకు వచ్చి, రంగస్థలమనగా నెట్లుండవలెనో మనవారికి చూపియుండిరి. వనారసవారి పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాటను వృత్తిగా గైకొన్నవారు. తోలును వెలుగు చొరబారునంత పలుచన చేసి, ఉలితో చిల్లులు కొట్టి ఆభరణములు తీర్చి, రంగులద్ది, దీపము వెనుక నిలిపి, నిర్జీవమైన బొమ్మచే రామరావణయుద్ధము చేయించిన వంశమువారికి, బొమ్మ స్థానమున మనుష్యుని నిలుపుట క్రొత్తయే గాని వెలుగునీడల మర్మము మాత్రము క్రొత్త కాదు. పురుషులే స్త్రీవేషములు ధరించు కాలమున స్త్రీలను రంగమెక్కించిన కుటుంబసమాజ మగుటచే, పగలు రంగులు నూరిన చేతులే రాత్రి వీణ పట్టి ద్రౌపదీవేషమున నిలిచెడివి.

ఈ శిల్పశాలకు ప్రత్యేకమైన భవన మేనాడును లేదు. ఏ ఊరికి పోయిన ఆ ఊరిలో తాటాకులతోను రేకులతోను వేసికొన్న హాలే నాటకశాల. దాని వెనుకటి పాకయే కార్ఖానా. గట్టి నూలుగుడ్డపై సుద్ద పూసి, ఆరిన పిదప సరేసులో కలిపిన పొడిరంగులతో దర్బారును, వీథిని, ఉద్యానమును, అరణ్యమును, కారాగృహమును చిత్రించి, వాసములకు చుట్టి త్రాళ్లతో ఎత్తుచు దించుచు నుండెడివారు. ముఖమలు గుడ్డపై జరీయు చమ్కీలును కుట్టిన రాజవేషములు, కాగితపు గుజ్జుతో చేసి మెరుగురేకు లంటించిన కిరీటములు, భుజకీర్తులు, కొయ్యగదలు, ధనుస్సులు అన్నియు ఇంటిలోనివారు చేసినవే. ‘మాయాబజారు’లో లడ్డూలు తమంతతాము లేచి ఘటోత్కచుని నోటిలోనికి పోవునప్పుడును, రెండు బాణములు ఆకాశమున ఢీకొని నిప్పులు రాల్చునప్పుడును, నారదుడు మేఘములనుండి దిగివచ్చునప్పుడును ప్రేక్షకుడు కరతాళములు చేయును. ఆ క్షణమున నల్లతెర చాటున సన్నని తీగెను, కప్పీని పట్టుకొని ఊపిరి బిగబట్టి నిలిచినవానిని చూచినవారు లేరు. అతడు కనబడకుండుటయే అతని విద్యకు పరాకాష్ఠ.

నేనెరిగిన వారిలో అగ్రగణ్యుడు తెరలు వ్రాయు ఒక వృద్ధుడు. కుర్రవాండ్రమందరము ఆయనను తాతగారనియే పిలుచుచుంటిమి. నేలపై పరచిన తెరమీద గొంతుకూర్చుండి, కొలబద్ద లేకయే స్తంభముల వరుసను దూరము పోయిన కొలది సన్నగిల్లునట్లు దించి, “పెట్రోమాక్సు వెలుగులో చూడరా అబ్బాయీ, పగటి వెలుగులో కాదు” అని హెచ్చరించెడివారు. పగటివేళ మొరటుగా కనబడిన ఆ నీలము, ఆ గంధకవర్ణము, రాత్రి దీపముల యెదుట ఇంద్రభవనమై వెలుగుట నేను స్వయముగా చూచి విస్మయమందితిని.

1937లో రేకందార్ చిన వెంకటరావుగారు సురభి సమాజములలో నొకటియైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని స్థాపించిరి. ఒకప్పుడు ఏబదివరకు సమాజములుగా శాఖోపశాఖలైన సురభి తరువాతి దశాబ్దములలో ఊరూర తిరిగి ఆడినది.

ఇక చెప్పవలసినది టాకీలు తెచ్చిన కష్టకాలమును గూర్చి. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినది మన సురభి కమలాబాయియే. సురభి బిడ్డ తెరకెక్కినందుకు గర్వించితిమి. ఆ వెండితెరయే మా చిత్రితయవనికలను క్రమముగా దిగమ్రింగినది. నాలుగణాల టిక్కెట్టునకు ఆకాశమున ఎగురు దేవతను చూపు యంత్రము ఊరిలోనికి వచ్చిన తరువాత, తీగె లాగువాని కష్టమును ఎవరు గణింతురు? దానికి తోడు వానకాలము. పాక కారి, సరేసురంగులు కరగి, నెలల తరబడి వ్రాసిన రాజప్రాసాదము ఒక్కరాత్రిలో బురదయగుట, మరునాడు ఆ గుడ్డనే ఉతికి, ఆరవేసి, మరల సుద్ద పూయుట, పొయ్యి మీద సరేసు ఉడుకుచుండగా ప్రక్కపొయ్యిలో గంజికైన బియ్యము లేకుండుట, ఇవి పెద్దలు చెప్పగా నేను విన్నవి. జరీ దుస్తులు తాకట్టు పెట్టిరిగాని తెరలు మాత్రము అమ్ముకొనలేదని చెప్పునప్పుడు వారి కంఠమున దుఃఖముకంటె గర్వమే అధికముగా ధ్వనించెడిది.

ఋణము తీర్చుకొనవలసినవారు ఎందరో: హాలు వేసికొనుటకు స్థలమిచ్చిన గ్రామపెద్దలు, వెదురును తాటాకును తోలిపెట్టిన రైతులు, పండుగ వరకు గుడ్డ అరువిచ్చిన వర్తకులు, దీపములు బాగుచేసిన పనివారు, పెట్టెలు మోసిన బండివాండ్రు, తెరలు వ్రాసినవారు, వడ్రంగులు, కుట్టుపని చేసిన తల్లులు, కిరీటములు అంటించిన పిల్లలు, రంగు పూసిన అన్నలు, తీగె లాగినవారు. వారి నామధేయములను ఇచట వరుసగా అచ్చువేయవలెనని పాతకాగితములు వెదకితిని. కరపత్రములలో కథానాయకుని పేరు బొద్దక్షరములలో ఉన్నది, హార్మోనిస్టు పేరున్నది, తెర వ్రాసినవాని పేరు లేదు. తాతగారి పేరును సయితము నేనెక్కడను కనుగొనలేదు. ఇది నా హృదయమున చిరకాలముగా ఉన్న వెలితి. ఉత్సవవేళ చెప్పదగినది కాదని కొందరనవచ్చును, ఉత్సవవేళ గాక మరెప్పుడు చెప్పుదుము?

కాలము మరల కొంత కరుణించినది. 1990ల దశకమున బి.వి. కారంత్‌గారు సురభివారిచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీదేవత యాదమ్మ’ ఆడించి, ఈ ప్రాచీనశిల్పము నూతననాటకమునకును అక్కఱకు వచ్చునని నిరూపించిరి. 2013లో సురభి బాబ్జీగారిని పద్మశ్రీ వరించినది. ఆ గౌరవము తెరవెనుకవారికి కూడ చెందినదనియే నేను భావింతును.

కావున ఉత్సవసంఘమువారికి నా ప్రార్థన ఇది: నేడు జీవించియున్న తెరచిత్రకారులను, తీగెపనివారిని, కుట్టుపనివారిని ఒక్కచోట చేర్చి, వారి పేర్లను, వారు చేయు పని పద్ధతులను వ్రాయించి భద్రపరుపుడు; పదిమంది యువకులకు ఆ విద్య నేర్పించుటకు జీతబత్తెములు ఏర్పరచుడు. నటుని కీర్తి ప్రేక్షకుల జ్ఞాపకమున నిలుచును. చేతిపని మాత్రము మరియొక చేతికి అందినప్పుడే నిలుచును.