మోటారుసైకిలు కార్బరేటర్: కొయ్యూరు మన్యంలో ఐడిలింగ్ సమస్య

ఇంజను పీల్చే గాలిలో పెట్రోలును సన్నటి తుంపరగా కలిపే భాగం కార్బరేటర్. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజను ఆగకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉండడమే ఐడిలింగ్. 100 సీసీ బండిలో ఆ వేగం నిమిషానికి సుమారు 1400 చుట్లు. అది నిలవక బండి మాటిమాటికీ ఆగిపోతుంటే, చాలాసార్లు కార్బరేటర్‌లోని స్లో జెట్ పూడుకుపోయినట్టే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక ఎక్కువ బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. 1994 నుంచి అమ్ముడవుతున్న స్ప్లెండర్ కూడా అప్పుడే మారింది. అంతకుముందు కొన్న 100 సీసీ బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బరేటరే ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొయ్యూరు మండలం వంటి కొండ ప్రాంతాల్లో సంతకు వెళ్లాలన్నా, జీడిపిక్కల బస్తా దించాలన్నా ఇలాంటి పాత బండ్లే ఆధారం.

ఎందుకు పూడుకుపోతుంది

ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలు ఫ్లోట్ చాంబర్‌లో నిలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే గాలి దారిని తెరిచే స్లైడ్ పైకి లేచినప్పుడు గాలి వేగానికి మెయిన్ జెట్ నుంచి పెట్రోలు లేస్తుంది. స్లైడ్ దాదాపు మూసుకున్నప్పుడు అక్కడ గాలికి ఆ బలం చాలదు. అందుకే ఇంజను వైపు చూషణం ఎక్కువగా ఉన్నచోటికి వేరే సన్నదారి పెట్టారు. ఆ దారికి పెట్రోలు అందించేది స్లో జెట్. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి, మురికి చేరితే ముందు మూసుకునేది అదే.

బండి వారాల తరబడి కదలకపోతే చాంబర్‌లోని పెట్రోలు ఆవిరై అడుగున జిగురు మిగులుతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగుకు దిగుతుంది. జెట్లు ఉండేదీ అక్కడే. వానాకాలం మన్యంలో సీసాల్లో నిల్వ ఉన్న విడి పెట్రోలు పోయిస్తే నీరు, నలుసులు రెండూ తోడవుతాయి.

లక్షణాలు

చోక్ లాగితేనే ఇంజను నిలవడం, చోక్ తీసేయగానే ఆగిపోవడం, యాక్సిలరేటర్ ఇస్తే మాత్రం బాగానే పరుగెత్తడం: ఈ మూడూ కలిస్తే అనుమానం స్లో జెట్ మీదే. ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ మూసినప్పుడు సైలెన్సర్‌లో టపటప చప్పుడు రావడం మరో గుర్తు.

చాలామంది ఇక్కడ ఐడిలింగ్ స్క్రూ బిగించి వేగం పెంచేస్తారు. అది వైద్యం కాదు, రోగాన్ని కప్పిపెట్టడం. దిగుడులో ఇంజను పట్టు తగ్గి భారమంతా డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. అలాగని ఆగిపోయే బండిని అలాగే నడపడమూ ప్రమాదమే. చాలా పాత బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు నేరుగా మ్యాగ్నెటో నుంచే వస్తుంది. రాత్రి ఘాట్ మలుపులో ఇంజను ఆగితే దీపమూ ఆరిపోతుంది.

శుభ్రం చేసే విధానం

ఇంజను చల్లారాక, గాలి ఆడే చోట, బీడీకీ పొయ్యికీ దూరంగా పని మొదలుపెట్టాలి. పెట్రోలు ట్యాప్ మూసి, చాంబర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ విప్పి పెట్రోలును గాజు సీసాలోకి దించితే నీరుందో లేదో అడుగున కనబడిపోతుంది. ఉంటే ట్యాంకు కూడా కడగాల్సిందే, లేకపోతే ఈ శ్రమంతా వారానికే వృథా.

కార్బరేటర్ విప్పే ముందే ఐడిలింగ్ మిశ్రమంలో గాలిని సర్దే ఎయిర్ స్క్రూను మెల్లగా చివరిదాకా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి. బలంగా బిగిస్తే దాని మొన, కూర్చునే చోటు రెండూ పాడవుతాయి. జెట్లు ఇత్తడివి, సరిగ్గా కుదిరే స్క్రూడ్రైవర్ లేకుంటే గాడి అరిగిపోతుంది. జెట్‌ను వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనబడాలి. ఇనుప తీగ, పిన్నీసు దూర్చకూడదు. రంధ్రం రవ్వంత పెద్దదైనా పెట్రోలు ఎక్కువ తాగి, ప్లగ్గు నల్లబడుతుంది. కార్బరేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టాలి. కంప్రెసర్ లేని ఊళ్లో సైకిల్ పంపుతోనూ పని నడుస్తుంది. జెట్ ఒక్కటే శుభ్రమైతే చాలదు; అది కూర్చునే రంధ్రంలోంచి ఇంజను వైపు దారి దాకా గాలి ఆడాలి. రబ్బరు రింగులకు క్లీనర్ తగిలితే ఉబ్బిపోతాయి కనుక వాటిని ముందే తీసి పక్కన పెట్టాలి.

ట్యూనింగ్, ఎత్తు

బిగించాక ఇంజను వేడెక్కేదాకా నడిపి, ఎయిర్ స్క్రూను రాసుకున్న చోటి నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పాలి. వేగం ఎక్కువగా, నిలకడగా ఉన్నచోట ఆపి, ఐడిలింగ్ స్క్రూతో మామూలు వేగానికి తేవాలి.

డౌనూరు మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కేవారికి మరో చిక్కుంది. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సముద్రమట్టం కన్నా దాదాపు పదో వంతు పలచన కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. కిందే పెట్రోలు ఎక్కువయ్యేలా ట్యూన్ చేసిన బండి పైకెళ్లాక మరీ మొరాయిస్తుంది. రోజూ ఎక్కిదిగే బండికి ఘాట్ మధ్య ఎత్తులో సర్దడం మేలు.

ఇంత చేసినా ఐడిలింగ్ నిలవకపోతే కార్బరేటర్‌ను మళ్లీ విప్పనక్కర్లేదు. ఇంజనుకూ దానికీ మధ్య అతుకులో గాలి లీకు, ప్లగ్గు, టాపెట్ సందు, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి.