కోల్‌కతా చైనాపేట

మన ఊళ్లలో చీకటి పడగానే బండ్ల మీద ఘుమఘుమలాడే మంచూరియాకి చైనాతో చుట్టరికం దూరపుదే. దగ్గరి చుట్టం కోల్‌కతా. 1975లో ముంబయిలో చికెన్ మంచూరియన్‌ని మొదట వండింది తానేనని చెప్పిన నెల్సన్ వాంగ్, కోల్‌కతా చైనా కుటుంబంలో పుట్టినవాడు.

ఆ కుటుంబాల కథ చక్కెరతో మొదలైంది. 18వ శతాబ్దం చివర టాంగ్ అచ్యూ అనే వ్యాపారి అప్పటి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ నుంచి బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున భూమి పొంది, చెరకు వేయించి మిల్లు పెట్టాడు. పనివాళ్లను చైనా నుంచే రప్పించాడు. ఆయన పోయాక మిల్లు నిలవలేదు, పనివాళ్లు కలకత్తా దారి పట్టారు. ఆ ఊరికి మాత్రం అచీపూర్ అన్న పేరు నిలిచిపోయింది. ఏటా చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కోల్‌కతా చైనీయులు పిల్లాపాపలతో అక్కడికి వెళ్లి, గుర్రపు నాడాలా వంపు తిరిగిన ఆయన ఎర్రటి సమాధి దగ్గర అగరొత్తులు వెలిగిస్తారు.

నగరంలో వాళ్లు కుదురుకున్న చోటు లాల్‌బజార్ దగ్గరి తిరెట్టా బజార్. ఈస్టిండియా కంపెనీ కొలువులో వీధులూ భవనాలూ చూసిన ఇటలీ మనిషి ఎడ్వర్డో తిరెట్టా పెట్టిన సంత అది. ఒక్కో ప్రాంతం నుంచి వచ్చినవాళ్లది ఒక్కో పని. కాంటన్ వాళ్లు వడ్రంగులు, హుబే వాళ్లు పళ్ల డాక్టర్లు. హక్కాలు చెప్పులు కుట్టారు, తోళ్లు ఊనారు. తోలు ముట్టుకుంటేనే మైల అనుకునే సమాజం వదిలేసిన పని అది. ఊరికి తూర్పున చిత్తడినేలల అంచున టాంగ్రా ట్యానరీలు అలా వెలిశాయి. ఈ పేటను తిండి పేరుతోనే తలచుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎందరో కలకత్తావాసుల కాళ్లకు బూట్లు తొడిగింది వీళ్లే.

చైనాతో 1962 యుద్ధం వీళ్లందరినీ అనుమానితుల్ని చేసింది. అస్సాం, ఉత్తర బెంగాల్ వైపు నుంచి సుమారు మూడు వేలమంది చైనా సంతతివాళ్లను, పసిపిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. కొందరు అక్కడ ఏళ్లు గడిపారు. ఏ నేరమూ చేయనివాళ్లకు ఈ దేశం చేసిన ఆ గాయం మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. ఆ తర్వాత కోల్‌కతా నుంచీ కుటుంబాలకు కుటుంబాలే కెనడా వెళ్లిపోయాయి.

తిరెట్టాను చూడాలంటే ఆదివారం తెల్లవారే వెళ్లాలి. పొద్దార్ కోర్ట్ పక్కన రోడ్డు మీదే అల్యూమినియం ఆవిరి గిన్నెలు పేరుస్తారు. మూత తీస్తే తెల్లటి పంది మాంసం బన్నులు, పక్క గిన్నెలో చేప ఉండల సూప్. పొద్దెక్కితే అన్నీ అయిపోతాయి. దగ్గర్లోనే 1905 నాటి సీ ఇప్ చర్చి. పేరుకే చర్చి, లోపల కొలువున్నది గ్వాన్ యిన్ అమ్మవారు.

టాంగ్రాకి మరో మలుపు 1996లో వచ్చింది. కాలుష్యం కారణంగా ట్యానరీలను అక్కడి నుంచి తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కొందరు బంతాలా తోలు సముదాయానికి మారారు. ఇంకొందరు రెస్టారెంట్లు తెరిచి, సోయా సాస్‌లో పచ్చిమిర్చి, వెల్లుల్లి దట్టించి బెంగాలీ నాలుకకు నచ్చేలా వండసాగారు. ఆ సందుల్లోనే చైనీయులు నడిపే కాళీ గుడి ఉంది. అక్కడ అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెడతారు.